నిలువుగా కోసిన ఇల్లు

నిరుడు వైశాఖ బహుళ విదియ, బుధవారం, పొద్దున్న పదకొండూ పదికి మా ఇంటి నట్టనడుమ మొదటి ఇటుక పడింది. పన్నెండుకు రాహుకాలం వస్తుందని మా ఆయనా, మా మరిదీ మేస్త్రిని ఒకే గొంతుతో తొందరపెట్టారు. ఈ ఇంటికి నేను కోడలిగా వచ్చి నలభై ఆరేళ్ళు. అన్నదమ్ములిద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను చూసింది ఆ ఒక్క పూటే.

మా ఊరు మందసకూ సముద్రానికీ మధ్య ఉంటుంది. ఊరంతా వరసలే. ఒక్కో వరసలో యాభై ఇళ్ళు, అగ్గిపెట్టెలో పుల్లల్లాగ పక్కపక్కన ఒరుసుకుని ఉంటాయి. ముందు గుమ్మం ఒక వీధిలోకి, వెనక గుమ్మం పెరటి వీధిలోకి. పక్కలకు కిటికీలుండవు, ఎందుకంటే పక్కన గాలి లేదు, వేరేవాళ్ళ గోడ ఉంది.

మా ఇల్లు పెరడుతో కలిపి తొంభైరెండు అడుగుల పొడుగు, తొమ్మిదడుగుల వెడల్పు. మా మామగారి తండ్రి కట్టినప్పుడు వెడల్పు పద్దెనిమిదీ ముప్పావు. ఆయనకు ఇద్దరు కొడుకులు. మధ్యన ముప్పావు అడుగు మందాన గోడ లేచింది. తొమ్మిది మాకు వచ్చింది, తొమ్మిది పక్కింటివాళ్ళకు పోయింది. ఇప్పుడు మా ఆయనా, మరిదీ ఇద్దరు. తొమ్మిదిలోంచి ముప్పావు తీసేసి సగం చేస్తే ఒక్కొక్కరికి నాలుగడుగుల అంగుళంన్నర. ఇదే పద్ధతిలో ఇంకో తరం పోతే అడుగూ ఎనిమిదంగుళాల చిల్లర. ఆ పై తరానికి ఐదున్నర అంగుళాలు. అప్పటికి ఇంటికంటే గోడే వెడల్పు.

నేను ప్రాథమిక పాఠశాలలో ముప్ఫైమూడేళ్ళు పాఠాలు చెప్పాను. "రేఖకు పొడవు ఉంటుంది, వెడల్పు ఉండదు" అని ఏటా పిల్లలచేత వల్లె వేయించాను. నాకే నమ్మకం ఉండేది కాదు. వెడల్పు లేనిదాన్ని ఎవరు చూశారు? మా ఊరివాళ్ళు దాన్లో కాపురం పెట్టే పనిలో ఉన్నారని అప్పుడు తోచలేదు.

అసలు ఈ గోడ ఎందుకంటే, మరిది కొడుకు పెళ్ళి కోసం. ఒక్కడే కొడుకు, ముప్ఫైమూడు నిండాయి. మూలపేట పోర్టు పనుల్లో పెద్ద లారీ నడుపుతాడు. బండరాళ్ళ లోడుతో సముద్రం అంచుదాకా పదహారు చక్రాల బండిని వెనక్కి నడిపించడంలో వాడంత వాడు లేడని అక్కడ పేరు. మనిషి బుద్ధిమంతుడు, కానీ సంబంధం కుదరలేదు. మాది ఉద్దానం అనగానే, కిడ్నీ జబ్బుల భయంతో, ముందు నీళ్ళ సంగతి అడుగుతారు. నీళ్ళు దాటితే ఇంటి సంగతి అడుగుతారు: "కుర్రోడికి ఏరే గుమ్మం ఉన్నాదా?" పెదనాన్నతో కలిసి ఒకే గుమ్మం అంటే ఒక సంబంధం పోయింది, తరవాత ఇంకొకటి పోయింది. మూడోది టెక్కలి సంబంధం. పిల్ల అక్కడ బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. వీడు ఒకసారి చొక్కా కుట్టించుకుని, ఆ తరవాత కుట్టించుకోవాల్సిన అవసరం లేని చొక్కాలు నాలుగు కుట్టించుకున్నాడు. వాళ్ళూ గుమ్మం మాట ఎత్తారు. "ఈ పిల్ల కాపోతే నాకింక పెళ్ళొద్దు పెద్దమ్మా" అని వాడు నాతో అన్నాడు.

సరే, గుమ్మం కావాలి. పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చున్నారు. నేను లోపలినుంచే ఒక మాట చెప్పాను. ఇంటికి రెండు వీధులున్నాయి కదా, అడ్డంగా కోయండి. ముందు సగం ఒకరికి, వెనక సగం ఒకరికి. ఇద్దరికీ చెరో వీధి గుమ్మం, ఇద్దరికీ తొమ్మిదేసి అడుగుల వెడల్పు.

మా మరిది నావైపు చూశాడు.

"ఓలమ్మా, పెరటి వీధి వాటా ఎవులు తీసుకుంటారు వదినా? గేదెలా?"

"మేము తీసుకుంటాం" అన్నాను.

"నువ్వు తీసుకుంటావు, నాను తీసుకుంటానేటి?" అని మా ఆయన లేచాడు. "ఇంటికి పెద్దోడిని పెరట్లోకి తోలేత్తావా? బల్లో గుంటలకి సెప్పిన లెక్కలు ఇక్కడ సెప్పకు."

పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వి అన్నాడు, "అడ్డంగా కోసేది అరటిదవ్వనమ్మా, ఇల్లు కాదు. వాటా అంటే అన్నిట్లో సగం. అరుగులో సగం, సావిట్లో సగం, పొయ్యిలో సగం, నూతిలో సగం."

ఆయన మాట వట్టిది కాదు. అన్నిట్లోనూ సగమే ఇచ్చారు.

ముందు గుమ్మంతో మొదలైంది. పనస చెక్క ద్వారబంధం, మూడున్నర అడుగులు, రెండు రెక్కలు. గడప కదిపితే వంశం కదులుతుందని దాన్ని ముట్టుకోనివ్వలేదు. గోడను తిన్నగా తెచ్చి గడప మధ్యన నిలబెట్టారు. నలభైరెండు అంగుళాల్లో తొమ్మిది గోడకు పోగా ఒక్కో వాటాకి పదహారున్నర అంగుళాల గుమ్మం, చెరో రెక్క. పక్కకు తిరిగి ఒంటికాలు లోపలికి వేసి, ఊపిరి బిగబట్టి, రెండో కాలు లాక్కోవాలి. వేరే గుమ్మం కావాలన్నారు, వచ్చింది. అది మనిషి పట్టే గుమ్మం కావాలని ఎవరూ అడగలేదు.

ఉయ్యాలబల్ల నాలుగడుగుల ఇంట్లో ఊగదు. బల్ల మాకు, గొలుసులు వాళ్ళకు. పెరట్లో మూడు కొబ్బరిచెట్లలో నడిమిది గోడ దారికి అడ్డం వచ్చింది. పెద్ద తుఫాను దాన్ని వంచింది గానీ పడెయ్యలేకపోయింది. ఆ పని మేస్త్రి మధ్యాహ్నం భోజనానికి ముందే చేశాడు. నూతి దగ్గర మాత్రం గోడకు దిక్కు తోచలేదు. నూతి నోటిమీద రాతిపలక అడ్డం వేసి దానిమీద కట్టారు. పైన రెండు సగాలు, కింద నీళ్ళు ఒకటే. వంగి మాట్లాడితే అవతలి మనిషి గొంతు పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. నాకూ నా తోడికోడలికీ ఆ ఇంట్లో మిగిలిన ఉమ్మడి ఆస్తి అదే.

ఇప్పుడు లోపల కాపురం సంగతి చెప్పాలి. మంచం మూడడుగులు. నాలుగడుగుల అంగుళంన్నర గదిలో మంచం వేస్తే పక్కన అడుగూ అంగుళంన్నర దారి మిగులుతుంది. రెండో మంచం దాని పక్కన పడదు, దాని వెనక పడుతుంది. కాబట్టి మొగుడూ పెళ్ళాం ఒకరి తలాపున ఒకరి కాళ్ళు పెట్టుకుని, ఆగిన బస్సులో సీట్లలాగ పడుకుంటారు. ఎదురెదురుగా కూర్చుని అన్నం తినడం కుదరదు, మోకాళ్ళు తగులుతాయి. ఒకరి వీపు చూస్తూ ఒకరు తింటారు. నడిమి గదుల్లో మిట్టమధ్యాహ్నం కూడా బల్బు వెలగాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఇద్దరు ఎదురుపడితే ఏమవుతుంది? మంచం పక్కన ఇద్దరు పట్టరు. ఒకరు వెనక్కి నడవాలి, గది దాటేదాకా. ఎవరన్నది ఏ పెద్దమనిషీ తీర్పు చెప్పలేదు. వాటాలో అదొక్కటి మరిచిపోయారు.

మా వాటాలో మొదటి వారం మేమిద్దరం ఎదురుపడితే ఇద్దరమూ ఆగిపోయేవాళ్ళం. ఒకరోజు అలా నిలబడి ఉండగానే వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"తప్పుకో" అన్నాడు.

"నువ్వే తప్పుకో."

"నాను మొగోడిని."

"కనబడతన్నాది. యెనక్కి నడు."

నడవలేదు. కానీ నాకు ఒక కిటుకు దొరికింది. చేతిలో కాగే గిన్నె ఉన్న మనిషికి ఎంతటి మగవాడైనా దారి ఇస్తాడు. అప్పటినుంచి ఇంట్లో ఎటు వెళ్ళినా పాతగుడ్డ పట్టి ఒక గిన్నె రెండు చేతులా ఎత్తుకుని వెళ్తాను. అందులో ఏమీ ఉండదు. మా ఆయన వెనక్కి నడవడంలో ఇప్పుడు బాగా రాటుదేలాడు. గిన్నెలో ఏముందని ఇంతవరకూ అడగలేదు.

గోడ అవతల వాటాలో న్యాయం వేరే. అక్కడ మరిది ఎదురైతే నా తోడికోడలు వెనక్కి నడిచేది. కొడుకు ఎదురైనా ఆమే వెనక్కి, వాడు డ్యూటీకి పోవాలి గనక. కోడిపెట్ట ఎదురైనా ఆమే, అది గుడ్లు పెడుతుంది గనక. రెండున్నర నెలల్లో ఆమె వెనక్కి చూడకుండానే బీరువా మూలా, బియ్యం డ్రమ్మూ తప్పించుకుని నడవడం నేర్చుకుంది.

"మడమలు నొప్పెడతన్నాయక్కా" అనేది నూతిలోంచి.

"ఎందుకు తప్పుకుంటావే సెల్లీ? నువ్వూ నిలబడు."

"నిలబడితే మా గుంటడి పెళ్ళిదాకా ఇంట్లో ఇదే గొడవ. కోడలు రానీ."

"వత్తే?"

చేద చప్పుడొక్కటే వినిపించింది.

శ్రావణమాసం మొదటి శుక్రవారం టెక్కలివాళ్ళు ఇల్లు చూడటానికి వచ్చారు. పిల్ల తండ్రి, తల్లి, మేనమామ, మధ్యవర్తి, పిల్ల. మా మరిది నన్ను కూడా పిలిచాడు, కాఫీలకు చెయ్యి సాయం కావాలని. నేను పెరటి వీధిలోంచి వెళ్ళి వాళ్ళ వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అక్కణ్ణుంచి మంచం, దాని ముందు గది, దాని ముందు సావిడి, వీధి వెలుతురు అన్నీ ఒకే గొట్టంలో కనిపిస్తాయి.

పెద్దలు ముందు నడవాలి గనక మేనమామ ముందు వచ్చాడు. ఆయనది పలాసలో జీడిపప్పు వ్యాపారం, ఒంటికి అది పట్టింది. తిన్నగా వస్తే భుజాలు అడ్డం, పక్కకు తిరిగితే పొట్ట అడ్డం. రెండు విధాలా చూసి, "నాను అరుగుమీద కూకుంటాను బావా, గాలి బాగున్నాది" అని పిల్ల తండ్రితో అన్నాడు. గాలి ఏమీ లేదు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే దిగబడ్డారు. చివరన పిల్ల వచ్చింది. రాబోయేముందు గుమ్మానికి అడ్డంగా జాన పెట్టి చూసుకుంది. రెండు జానలు.

ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేశారు. ముందు మా మరిది, వాళ్ళవైపు తిరిగి. ఆయన ఎదురుగా మధ్యవర్తి, అతని వెనక పిల్ల తండ్రి, ఆ వెనక తల్లి, చివరన వీధి గుమ్మం దగ్గర పిల్ల. మా మరిది మధ్యవర్తితో మాట్లాడేవాడు. మిగిలినవాళ్ళు ముందున్నవాళ్ళ వీపులతో మాట్లాడేవాళ్ళు. వేయించిన జీడిపప్పు పళ్ళెం ముందునుంచి బయలుదేరి, చేతులు మారి, పిల్ల దాకా వచ్చేసరికి ఉప్పూ కారమూ మిగిలాయి.

"పిల్లోడు ఏడి?" అని మేనమామ అరుగుమీదనుంచి కేకేశాడు.

పిల్లాడు నా పక్కన, వంటింట్లో, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఆ పిల్ల కుట్టిన చొక్కాయే. వాడు ముందుకు రావాలంటే తండ్రి వీపు, కుర్చీలు నాలుగు, మనుషులు ముగ్గురు దాటాలి. పిల్ల ఇటు రావాలన్నా అంతే. పెళ్ళిచూపుల్లో పిల్లా పిల్లాడూ ఒకరికొకరు కనపడని ఇల్లు మా ఊరి పెద్దమనుషులు తప్ప ఇంకెవరూ కట్టించలేరు.

మా మరిదికి ఉపాయం తోచింది. "అమ్మాయిని అలగ వీధిలోంచి వరస తిప్పి పెరటి గుమ్మంలోంచి పంపండి."

మా ఇల్లు వరసలో పంతొమ్మిదోది. పిల్ల పట్టుచీరతో పద్దెనిమిది ఇళ్ళు ఇటు నడిచి, మలుపు తిరిగి, పద్దెనిమిది ఇళ్ళు అటు నడిచి, గేదెల మధ్యనుంచి వచ్చింది. మొహం చిట్లించలేదు. నన్ను చూసి నమస్కారం పెట్టింది. మావాడిని చూసి, "కాలరు బాగానే కూకున్నాది" అంది. వాడు నవ్వాడు. ముప్ఫైమూడేళ్ళలో వాడి మొహం అలా విప్పారడం నేను చూడలేదు.

"లోపల గది కూడా సూత్తాను" అని ఆ పిల్ల మంచం పక్కన దారిలోకి అడుగు పెట్టింది. అదే సమయానికి నా తోడికోడలు ఖాళీ కాఫీగ్లాసుల పళ్ళెంతో సావిడివైపు నుంచి ఇటు వస్తోంది. మంచం పక్కన ఇద్దరూ ఎదురుపడ్డారు.

నా తోడికోడలు ఆలోచించను కూడా లేదు. పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, తల తిప్పకుండా, వెనక్కి నడవడం మొదలెట్టింది. మంచంకోడు దాటింది. బీరువా దగ్గర కొంచెం ఎడమకు ఒరిగింది. డ్రమ్ము దగ్గర కుడికి. పళ్ళెంలో ఒక్క గ్లాసు కదల్లేదు. అంత బాగా చేసింది. అత్త కావలసిన మనిషి కోడలు కావలసిన పిల్లకు దారి వదులుతూ గదికి గది వెనక్కి పోతోంది.

పిల్ల ఆగిపోయింది. ఆమె మీదుగా మా మరిదిని అడిగింది.

"ఏటండీ, ఈ ఇంట్లో ఇద్దరు ఎదురుపడితే ఎవులు యెనక్కి నడుత్తారు?"

మా మరిది పెద్దగా నవ్వాడు. ఆ గొట్టంలో నవ్వు అటు వీధిదాకా, ఇటు నూతిదాకా పోయింది.

"నువ్వొచ్చేదాకా మా ఆడది. నువ్వొచ్చినాక నువ్వే కదేటమ్మా! అదీ ఒక పెశ్నేనా?"

"ఏటన్నారు? ఏటన్నారు?" అని అరుగుమీదనుంచి మేనమామ.

"కోడలే నడుత్తాదంట!" అని పిల్ల తల్లి వీధిలోకి అందించింది.

"మరి సంటిపిల్లలుంటే?" పిల్ల గొంతు పెంచలేదు.

"సంకనెత్తుకుని నడుత్తాది. మా యమ్మ నడవనేదా?"

వాళ్ళమ్మ ఎప్పుడూ వెనక్కి నడవలేదు. మా అత్తగారి రోజుల్లో ఇల్లు తొమ్మిదడుగులు. కానీ ఆ లెక్క అడిగేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. పిల్ల మెల్లగా తల తిప్పి మావాడి వైపు చూసింది. వాడు ఒక్క మాట అంటే సరిపోయేది. పొద్దస్తమానం పదహారు చక్రాలను సముద్రంలోకి వెనక్కి నడిపేవాడు, రెండు కాళ్ళను వెనక్కి నడుపుతానని అంటే సరిపోయేది. వాడు తండ్రి వీపు చూశాడు, తరవాత నేల చూశాడు.

"సరేనండి" అంది పిల్ల. వచ్చిన దారినే, ముందుకే నడిచి, పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకు మధ్యవర్తి ఫోను చేశాడు. మా మరిది స్పీకరులో పెట్టాడు. నేను నూతి దగ్గర ఉన్నాను, అంతా వినబడింది.

"ఇల్లు ఇరుకని కాదంట బావా. పిల్ల ఇరుకింట్లోనే పుట్టినాదంట. మీ జవాబు నచ్చనేదంట."

"నా జవాబులో తప్పేటున్నాది?" మా మరిదికి ఈనాటికీ తెలియదు. తప్పు గోడదన్నాడు, గోడ తమవైపు అరంగుళం ఎక్కువ జరిగిందన్నాడు. టేపు పట్టుకుని వెళ్ళి కొలిచి చూపించాను. జరగలేదు.

మావాడు సాయంత్రం మా అరుగుమీదకు వచ్చి కూర్చున్నాడు. "నానే నడుద్దును పెద్దమ్మా."

"ఆ మాట నాతోనా అనేది నాయనా?"

"నాయన ఉన్నాడు కదా."

"మరి ఆయనతోనే కాపురం సెయ్యి" అన్నాను. కటువుగానే అన్నాను. తరవాత వాడు టెక్కలి వెళ్ళాడు. కొట్టు తీసే ఉంది. చొక్కా గుడ్డ ఇవ్వబోతే, కొత్త పని తీసుకోవడం లేదని ఆ పిల్ల చెప్పిందట. పక్కన బట్టలు కుప్పగా ఉన్నాయట.

మా మరిది ఊరుకోలేదు. పలాసనుంచి ఒక వాస్తు ఆయన్ని తెచ్చాడు. ఆయన లోపలికి పక్కకు తిరిగి వచ్చి, పక్కకు తిరిగే చూసి, నడిమి గది చివర నిలువుటద్దం పెట్టమన్నాడు. అద్దంలో ఇల్లు రెండింతలు కనపడుతుందట, సంబంధాలు వాటంతట అవే వస్తాయట. అద్దం పెట్టారు. ఇల్లు రెండింతలు కనపడింది, పొడుగులో.

అద్దం పెట్టిన మర్నాడు నూతిలోంచి నా తోడికోడలు పిలిచింది.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను, సెప్పు."

"పొద్దున్న పప్పు గిన్నెతో వత్తంటే నడిమి గదిలో ఎవులో ఆడమనిషి ఎదురొచ్చినాది. ముసలిది. సరేలే అని యెనక్కి నడిచినాను. అదీ యెనక్కి నడుత్తన్నాది. ఎవులబ్బా ఇంత మంచిది అని సూసినాను." చేద గట్టుమీద పెట్టింది. "నానేనక్కా."

నాకు నవ్వు రాలేదు. ఆమెకే వచ్చింది. నవ్వి నవ్వి, "ఆ పిల్ల బాగా అడిగినాది" అంది.

ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనానికి వస్తూ మా మరిది ఆమెకు నడిమి గదిలో ఎదురుపడ్డాడు. అది గోడ ఇవతలనుంచి నేను విన్నది. తొమ్మిదంగుళాల గోడే గానీ, మేస్త్రి సిమెంటు మిగుల్చుకున్నాడు.

"తప్పుకో."

ఆమె అడుగుల చప్పుడు వెనక్కి పోలేదు.

"నిన్నే. సెవుడా?"

"నువ్వే నడు" అంది నా తోడికోడలు. "సేతిలో గంజి ఉన్నాది. కాగతన్నాది."

గంజి నిజంగానే ఉంది. నా గిన్నె సంగతి ఆమెకు నేను చెప్పలేదు. మా మరిదికి వెనక్కి నడవడం అలవాటు లేదు. నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగు అద్దంలోకి వేశాడు.

ఇప్పటికి పోయినవి ఇవీ. గోడ కిందికి అరవైతొమ్మిది చదరపుటడుగుల నేల. ఉయ్యాల ఒకటి, బల్ల, గొలుసులు విడివిడిగా ఉన్నాయి. కాపుమీదున్న కొబ్బరిచెట్టు ఒకటి. నిలువుటద్దం ఒకటి. మా మరిది కుడి మడమకు మూడు కుట్లు, మందస ఆసుపత్రిలో. చొక్కాలు ఐదు, పోలేదు గానీ వాడు తొడగడం లేదు. టెక్కలి సంబంధం ఒకటి.